వీలునామా మాట ఎత్తనివ్వని నాన్నగారు: మా కుటుంబానికి సలహా కావాలి

ప్రశ్న (పెద్ద కుమార్తె):
ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నాన్నగారికి 76 ఏళ్ళు, అమ్మకు 70. మేము ఇద్దరు అక్కచెల్లెళ్ళం. మా తమ్ముడికి పుట్టుకతోనే మేధో వైకల్యం ఉంది. వీలునామా సంగతి అడిగితే, రేపటి విషయం దేవుడు చూసుకుంటాడని నాన్నగారు అంటారు, అమ్మ ఆ మాట వినలేక లేచి వెళ్ళిపోతుంది. ఆస్తిలో కొంత మా క్రైస్తవ సంఘానికి (చర్చికి) ఇవ్వాలన్నది నాన్నగారి చిరకాల కోరిక, అది మా మరిదిగారికి, అంటే చెల్లెలి భర్తకు, ఇష్టం లేదు. తాతగారి నుంచి వచ్చిన ఇంటిని వీలునామాలో రాసే హక్కే నాన్నగారికి లేదనీ, చనిపోవడానికి ఏడాది ముందే రాయకపోతే సంఘానికి ఇచ్చింది చెల్లదనీ బంధువులు చెబుతున్నారు. ఇందులో నిజమెంత?

మొదటి సమాధానం (న్యాయవాది):
పుట్టుకతోనే పిత్రార్జితంలో వాటా అన్నది హిందూ ఉమ్మడి కుటుంబాలకు చెందిన సూత్రం. క్రైస్తవులకు 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం వర్తిస్తుంది కనుక, తాతగారి నుంచి నాన్నగారికి సంక్రమించిన ఇల్లు కూడా ఆయన సొంత ఆస్తే, ఎవరికి రాయాలన్నది ఆయన ఇష్టమే. అయితే మీ పూర్వికులు మతం మారిన తరంలో అన్నదమ్ముల పంపకం సరిగా జరిగిందో లేదో పాత పత్రాలు ఒకసారి చూపించుకోండి. చిక్కులు తరచుగా అక్కడే బయటపడతాయి.

సంఘానికి ఇవ్వడంపై ఏడాది గడువు విధించిన 118వ సెక్షన్ ఒకప్పుడు ఉన్న మాట నిజమే. జాన్ వల్లమట్టం కేసులో సుప్రీంకోర్టు 2003లో దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ భయం ఇంకా ఇళ్ళలో తిరుగుతూనే ఉంది.

వీలునామా లేకపోతే అమ్మగారికి మూడో వంతు వస్తుంది, మిగిలిన రెండు వంతులు ముగ్గురు పిల్లలకు సమానంగా, అంటే తలా 2/9 చొప్పున వెళతాయి. కూతురికీ కొడుక్కీ తేడా లేని న్యాయమైన పద్ధతే అది, కానీ మీ తమ్ముడి పరిస్థితిని ఆ లెక్క పట్టించుకోదు, సంఘానికి అందులో చోటే లేదు. వీలునామాపై ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించడం మంచిది. మీ భర్తగారి చేత గానీ మరిదిగారి చేత గానీ సాక్షి సంతకం పెట్టించకండి. సాక్షికీ, సాక్షి భార్యకు లేదా భర్తకూ రాసిన వాటా 67వ సెక్షన్ ప్రకారం చెల్లకుండా పోతుంది.

రెండవ సమాధానం (సంఘ పెద్ద):
సహోదరీ, నాన్నగారి విశ్వాసాన్ని తప్పుపట్టకుండానే ఆయనతో మాట్లాడవచ్చు. బైబిలులో, ఇల్లు చక్కబెట్టుకొమ్మని హిజ్కియా రాజుకు కబురు పంపినవాడు దేవుడే. సిలువ మీద వేదనలో ఉన్న యేసు ప్రభువు తన తల్లిని శిష్యునికి అప్పగించాడు. తనవారి బాధ్యతను మరొకరికి స్పష్టంగా అప్పగించడం అవిశ్వాసం కాదని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? ఆస్తి ప్రస్తావనతో మొదలుపెట్టకుండా, "మీ తరువాత తమ్ముణ్ణి ఎవరు చూడాలని మీ మనసులో ఉంది?" అని అడిగి చూడండి. అమ్మగారు కూడా ఆ ప్రశ్నకు లేచి వెళ్ళిపోరని నా నమ్మకం.

సంఘానికి ఇచ్చే విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. వీలునామా రాసే చోట పాస్టరుగారు గానీ మాలాంటి పెద్దలు గానీ ఉండకూడదు. నాన్నగారు తన ఉద్దేశాన్ని, మరిదిగారితో సహా, అందరి ముందూ తన నోటితోనే చెబితే, తరువాత ఎవరో ఒత్తిడి చేసి రాయించారన్న నింద సంఘం మీదా రాదు, మీ మీదా రాదు.

మూడవ సమాధానం (ఒక తల్లి):
మా అబ్బాయి కూడా మీ తమ్ముడిలాంటివాడే కాబట్టి ఇది రాస్తున్నాను. వాటాను నేరుగా అతని పేరున రాస్తే, దానిని అమ్మడానికీ అద్దెకివ్వడానికీ అతను సంతకం చేయలేడు. అతని వాటాను ట్రస్టుగా ఏర్పరచి, ధర్మకర్తలుగా ఇద్దరిని నియమించి, వచ్చే ఆదాయం అతని వైద్యానికీ పోషణకూ వాడాలనీ, అతని తదనంతరం మిగిలినది ఎవరికి చెందాలనీ వీలునామాలోనే రాయించండి. మైనరు పిల్లలకైతే తండ్రి వీలునామా ద్వారా సంరక్షకుణ్ణి నియమించవచ్చు గానీ, 18 ఏళ్ళు నిండినవారికి అలా కుదరదు; 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాలి. నాన్నగారు ఆరోగ్యంగా ఉండగానే ఆ పని పూర్తి చేయడం మేలు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇల్లు నాన్నగారిదే, పొలం మాత్రం అమ్మ పేరున ఉంది. నాన్నగారి వీలునామాలోనే దానిని కూడా చేర్చవచ్చా?

న్యాయవాది:
చేర్చకూడదు, అమ్మగారు వేరుగా తన వీలునామా రాయాలి. ఇద్దరూ ఒకే రోజు రాసి, తమ్ముడి ట్రస్టు షరతులు రెండింటిలోనూ ఒకేలా ఉండేటట్లు చూసుకోండి. బ్యాంకు ఖాతాల్లో నామినీగా ఉన్నవారు డబ్బు తీసుకోగలరే గానీ, అది వారసులకు చెందవలసిందే. ఆ పేర్లను కూడా వీలునామాకు సరిపోయేటట్లు మార్పించండి.