బటన్ల ఫోన్‌లో యూట్యూబ్ వస్తే అది స్మార్ట్‌ఫోనేనా? కొత్తది కొంటే ఏది కొనాలి?

ప్రశ్న

నమస్కారం అండి. మా అత్తయ్యగారి ఫోన్ గురించి ఇంట్లో రోజూ ఒకటే వాదన, మీరే తేల్చాలి. ఆవిడది బటన్ల ఫోన్. 4జీ సిమ్ పడుతుంది, వైఫై ఉంది, యూట్యూబ్ వస్తుంది, మెయిల్ కూడా చూడొచ్చు. డబ్బా మీద ‘స్మార్ట్’ అనే రాశారు. ఇప్పుడు బ్యాంకు యాప్ పెడదామంటే అందులోని స్టోర్‌లో ఆ యాపే లేదు. మొన్నటిదాకా వచ్చిన వాట్సాప్ కూడా ఆగిపోయింది. అసలు ఇది స్మార్ట్‌ఫోనా కాదా? టచ్ లేనందుకేనా ఈ తిప్పలన్నీ?

కొత్తది కొనాల్సి వస్తే ఐఫోన్ కొందామని మా ఆయన, ఆండ్రాయిడ్ చాలని మా మరిది. అత్తయ్యగారికి తెలుగు తప్ప చదవడం రాదు. చూపు కూడా కొంచెం తక్కువ.

జవాబు

టచ్ ఉంటే స్మార్ట్, బటన్లుంటే మామూలు ఫోన్. ఇందులో తేల్చడానికేముందండి?

జవాబు (యాప్‌లు రాసే సభ్యుడు)

టచ్‌తో తేలదండి. 2006 చివర్లో ఎల్‌జీ వాళ్లు ప్రాడా అనే ఫోన్ ప్రకటించారు. ముందువైపు దాదాపు అంతా టచ్ తెరే. అయినా దాన్ని ఎవరూ స్మార్ట్‌ఫోన్ల లెక్కలో వేయరు. కంపెనీ పెట్టి ఇచ్చినదానికి మించి అందులో చేర్చుకోగలిగింది చాలా తక్కువ. సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చిన నోకియా ఎన్95కి టచ్ లేదు, అంకెల బటన్లే. కానీ లోపల ఉన్నది సింబియన్ అనే ఓఎస్, అంటే ఫోన్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్. జీపీఎస్, వైఫై ఉన్నాయి, బయటివాళ్లు రాసిన ప్రోగ్రాములు వేసుకోవచ్చు. అది నిక్షేపంగా స్మార్ట్‌ఫోనే.

4జీతోనూ తేలదు. అది నెట్‌వర్క్ సంగతి. చాలా దేశాల్లో పాత 2జీ, 3జీ నెట్‌వర్కులు మూసేస్తున్నారు కాబట్టి ఉత్త మాటలకు వాడే ఫోన్‌లో కూడా 4జీ పెట్టక తప్పడం లేదు.

నేను రెండే చూస్తాను. ఫోన్ కంపెనీతో ఏ సంబంధమూ లేని ఒకడు యాప్ రాస్తే, అది కెమెరా, లొకేషన్, నోటిఫికేషన్లు వాడుకుంటూ ఆ ఫోన్‌లో పనిచేయగలదా? ఈ రోజు ఫోన్‌లో లేనిది రేపు అప్‌డేట్‌లో వచ్చి చేరగలదా? రెండింటికీ అవునని వస్తే స్మార్ట్‌ఫోన్.

మొదటి స్మార్ట్‌ఫోన్ అని చాలామంది చెప్పేది 1994లో అమ్మకానికొచ్చిన ఐబీఎం సైమన్‌ని. పుల్లతో తాకే తెర, మెయిల్, ఫ్యాక్స్, క్యాలెండర్ అన్నీ ఉండేవి. మాట్లాడితే గంటకే బ్యాటరీ ఖాళీ! అప్పటికి జనం దాన్ని స్మార్ట్‌ఫోన్ అని పిలిచేవాళ్లు కూడా కాదు.

ఇక మీ అత్తగారిది. మీరు చెప్పినదాన్ని బట్టి అందులో ఉన్నది కైఓఎస్ అయి ఉండాలి. ఆగిపోయిన ఫైర్‌ఫాక్స్ ఓఎస్ నుంచి పుట్టింది అది. దాని యాప్‌లు వెబ్ పేజీలు తయారుచేసే పద్ధతిలోనే తయారవుతాయి కాబట్టి తక్కువ ర్యామ్‌లో (యాప్‌లు నడవడానికి ఫోన్ వాడే మెమరీ) కూడా నడుస్తాయి. స్టోర్ ఉంది, అందుకే డబ్బా మీద స్మార్ట్ అని వేసుకున్నారు. కానీ బ్యాంకులు దానికోసం యాప్ రాయడం అరుదు. వాట్సాప్‌ని కూడా 2024లో ఆ స్టోర్ నుంచి తీసేశారు. యాప్ రాయడానికి దారి ఉండి, రాసేవాళ్లు లేని ఫోన్ అది. బ్యాంకు పనికి మాత్రం దాన్ని స్మార్ట్‌ఫోన్ అనుకోకండి.

జవాబు (ఇంకో సభ్యుడు)

ఒక్క నిమిషం. మీ లెక్కన 2007 జూన్‌లో అమ్మకానికొచ్చిన మొదటి ఐఫోన్ స్మార్ట్‌ఫోన్ కాదన్నమాట! యాప్ స్టోర్ వచ్చిందే 2008 జూలైలో. కాపీ చేసి పేస్ట్ చేయడానికి కూడా 2009 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంకో పక్క మామూలు రంగుల ఫోన్లలో జావా గేములు ఎక్కించుకునేవాళ్లం. అవీ బయటివాళ్లు రాసినవే కదా. అవి స్మార్ట్ ఎందుకు కాలేదు?

జవాబు (యాప్‌లు రాసే సభ్యుడు)

బాగా పట్టుకున్నారు. ఆ ఐఫోన్ స్మార్ట్‌ఫోన్ కాదని అప్పట్లో అన్నవాళ్లూ ఉన్నారు. మొదటి ఏడాది వరకు ఆ మాటని కొట్టిపారేయలేం. అయితే అదే ఫోన్‌లో 2008లో అప్‌డేట్ వేసుకుంటే యాప్ స్టోర్ వచ్చి కూర్చుంది, కొత్త ఫోన్ కొనక్కర్లేదు. నా రెండో ప్రశ్న అందుకే పెట్టాను.

జావా గేముల సంగతి వేరు. ఫోన్‌లో ఒక చిన్న గది కట్టి, ఆడుకునేది ఆ గదిలోనే అన్నట్టు ఉండేది. గేము తెరిచి ఉన్నంతసేపే బతుకు. ఫోన్‌లోని మిగతా భాగాల్ని ముట్టుకోవాలంటే అడుగడుగునా అడ్డంకులు, ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఒక్కోలా పనిచేయడం. నిజానికి ఇక్కడ కత్తితో కోసినట్టు గీత గీయలేం.

ప్రశ్న అడిగినవారు

అర్థమైంది అండి. మా మరిది ఆ బ్యాంకు యాప్ ఏపీకే ఏదో సైట్‌లో దొరికిందంటున్నాడు. మెమరీ కార్డులో వేసి ఈ ఫోన్‌లోనే పెట్టేస్తే?

జవాబు (యాప్‌లు రాసే సభ్యుడు)

ఎక్కదు. ఏపీకే అంటే యాప్‌ని ఎక్కించే ఫైలు, అది ఆండ్రాయిడ్‌కి మాత్రమే. కైఓఎస్ అడుగున ఉన్నదీ లినక్స్ అనే పునాది సాఫ్ట్‌వేరే, ఆండ్రాయిడ్ అడుగున ఉన్నదీ లినక్సే, కానీ దీని యాప్ దానికి పనికిరాదు. ఒకవేళ ఎక్కినా సరే, బ్యాంకు యాప్‌ని స్టోర్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ తెచ్చుకోవద్దని మరిదిగారికి గట్టిగా చెప్పండి. అది అసలు యాపో, దానిలా కనిపించే దొంగ యాపో చూసి పోల్చుకోలేరు.

జవాబు (ఫోన్ల రిపేరు చేసే సభ్యుడు)

ఏ ఓఎస్ గొప్పది అని కొట్టుకోవడం కన్నా, అప్‌డేట్ ఎన్నాళ్లు వస్తుందో చూసుకోండమ్మా. తెర పగిలితే మారుస్తాను, బ్యాటరీ ఉబ్బితే మారుస్తాను. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్ తెచ్చి ‘వాట్సాప్ రావట్లేదు’ అంటే నా చేతిలో ఏమీ లేదు.

ఐఫోన్‌కి ఓఎస్, ఫోన్ రెండూ ఒకే కంపెనీవి. అందుకని అప్‌డేట్ అందరికీ ఒకేసారి వస్తుంది, చాలా ఏళ్లు వస్తుంది. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్ ఐఓఎస్ (ఐఫోన్ ఓఎస్ పేరు) 9తో మొదలై 15 దాకా వెళ్లింది. 2013 నాటి 5ఎస్‌కి 2023 జనవరిలో కూడా ఒక సెక్యూరిటీ అప్‌డేట్ ఇచ్చారు. అయినా 2025 మేలో వాట్సాప్ వాళ్లు ఐఓఎస్ 15.1 కన్నా పాతవాటిని వదిలేశారు, దాంతో 5ఎస్, 6 రెండూ పోయాయి. ఫోన్ కంపెనీ వదలకపోయినా యాప్ వాళ్లు వదిలేస్తారు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆండ్రాయిడ్ అంటే ఒక ఫోన్ కాదు. గూగుల్ రాసి ఇస్తుంది, చిప్ చేసినవాళ్లు దానికి తగ్గట్టు సరిచేస్తారు, ఫోన్ కంపెనీ తన రంగులు పూసుకుంటుంది, అప్పుడు మీ దగ్గరికి వస్తుంది. ఈ వరసలో ఎవరు బద్ధకించినా అప్‌డేట్ ఆగుతుంది. 2023లో పిక్సెల్ 8కి గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ ఏడేళ్లు ఇస్తామని మాటిచ్చాయి. అవి ఖరీదైన రకాలు. అదే కంపెనీల చవక ఫోన్లకు ఆ మాట వర్తిస్తుందని అనుకోకండి, మోడల్ మోడల్‌కీ చూసుకోవాలి.

ఇంకోటి, ఆ ఏళ్లు లెక్కపెట్టేది మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి. మీరు కొన్న రోజు నుంచి కాదు. మూడేళ్ల కిందటి మోడల్ సీల్ తీయని డబ్బాలో ఇచ్చినా అది మూడేళ్లు ముసలిదే. సెకండ్ హ్యాండ్ అయితే సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి ఆండ్రాయిడ్ వెర్షన్ ఎంతో, దాని పక్కనో కిందో ఉండే సెక్యూరిటీ ప్యాచ్ (భద్రతా లోపాలు సరిచేసే అప్‌డేట్) తేదీ ఎప్పటిదో చూడండి. వెర్షన్ పాతదైనా ప్యాచ్ ఈ మధ్యదైతే పర్వాలేదు. ప్యాచ్ ఏడాది కిందే ఆగిపోయిందంటే మాత్రం బేరమాడకుండా వచ్చేయండి. ర్యామ్ 4 జీబీకి తగ్గొద్దు. రెండు జీబీ ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచి, ఓటీపీ చూద్దామని మెసేజ్‌లోకి వెళ్లొచ్చేసరికి యాప్ మళ్లీ మొదటికి వస్తుంది. పెద్దవాళ్లకి అదొక టెన్షన్.

జవాబు

ఐఫోన్ కొనేయండి, తలనొప్పి ఉండదు. వైరస్ గోల లేదు.

జవాబు (యాప్‌లు రాసే సభ్యుడు)

సగం ఒప్పుకుంటాను. ఐఫోన్‌లో మెసేజ్‌లో వచ్చిన ఏపీకే నొక్కితే ఏమీ జరగదు. ఐరోపా యూనియన్‌లో 2024 నుంచి చట్టం వల్ల వేరే స్టోర్లకు దారి తెరిచారు గానీ, మామూలుగా యాప్ అంటే ఆపిల్ స్టోర్ నుంచే. మోసాలకు భయపడే పెద్దవాళ్లకి ఇది మేలే. కాకపోతే లింకు నొక్కి పాస్‌వర్డ్ చెప్పేస్తే ఏ ఫోన్ కాపాడదు.

ఆండ్రాయిడ్‌లో ఆ తలుపు మనమే మూసుకోవచ్చు. ఆండ్రాయిడ్ 8 నుంచి ‘తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్’ అనే అనుమతి యాప్‌కి విడివిడిగా ఇస్తారు. సెట్టింగ్స్‌లో ఆ పేరుతో వెతికి బ్రౌజర్‌కి, వాట్సాప్‌కి, ఫైల్స్ యాప్‌కి ఆపేయండి. కొన్న రోజే చేసేయాల్సిన పని ఇది.

మీ విషయంలో నాకు అసలు లెక్క తెలుగు. ఆండ్రాయిడ్‌లో మెనూలన్నీ తెలుగులో పెట్టుకోవడం చాలా ఏళ్లుగా ఉంది. తెలుగులో మాట్లాడితే టైపు చేసే సౌకర్యం కూడా బాగా పనిచేస్తుంది, చూపు తగ్గినవాళ్లకి అది పెద్ద ఊరట. ఐఫోన్‌లో తెలుగు కీబోర్డు చాలా ఏళ్లుగా ఉంది గానీ, మెనూలు తెలుగులోకి వచ్చింది 2025లో, ఐఓఎస్ 18.4తో. ఐఫోన్ తీసుకుంటే ఆ వెర్షన్ గానీ దాని తర్వాతది గానీ నడిచేదే తీసుకోండి.

తెలుగు, ఐఫోన్ అంటే 2018 ఫిబ్రవరి గుర్తొస్తుంది. ‘జ్ఞా’ని ఒక ప్రత్యేకమైన తీరులో, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెట్టి పంపితే అవతలి ఐఫోన్‌లో మెసేజ్ యాప్ కుప్పకూలేది. ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేశారు. ప్రపంచమంతా మన అక్షరం గురించి రాసిన వారం అది, అలా అయినా సరే!

జవాబు

గూగుల్ లేని ఫోన్లు, అంటే హువావే హార్మనీ, లీనేజ్ లాంటి ఓఎస్‌లతో నడిచేవి, ఎవరూ చెప్పలేదేం?

జవాబు (యాప్‌లు రాసే సభ్యుడు)

నాకూ ఇష్టమే, కానీ ఈ అవసరానికి కాదు. కొత్త హార్మనీ అసలు ఆండ్రాయిడ్ యాప్‌లనే తీసుకోదు. లీనేజ్ లాంటివి మనమే ఎక్కించుకుంటే, ఫోన్ తన అసలు రూపంలో లేదని కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. బ్యాంకు యాప్ కోసం కొనే ఫోన్‌తో ప్రయోగాలు వద్దు.

జవాబు (మరో సభ్యురాలు)

ఒక్కటి అడుగుతాను, అత్తగారు ‘ఇది ఎక్కడుందే’ అని ఎవర్ని పిలుస్తారు? ఆ మనిషి చేతిలో ఏ ఫోన్ ఉంటే అదే కొనండి. మా అమ్మకి ఫోన్‌లోనే దారి చెప్పాలంటే, నా తెర మీద ఉన్నదే ఆవిడ తెర మీద ఉంటే తప్ప నాకు నోరు తిరగదు.

ప్రశ్న అడిగినవారు

పిలిచేది నన్నేనండి, నాది ఆండ్రాయిడే. కాబట్టి తేలిపోయింది, మా ఆయనకి నేను చెప్పుకుంటాను. ప్యాచ్ తేదీ, ర్యామ్ చూసే కొంటాను. చివరిగా ఒకటి, ఆ బటన్ల ఫోన్‌లోని నంబర్లన్నీ తెలుగులో పేర్లతో ఉన్నాయి. సిమ్‌లోకి కాపీ చేసి కొత్త ఫోన్‌లో వేస్తే సరిపోతుందా?

జవాబు (ఫోన్ల రిపేరు చేసే సభ్యుడు)

సిమ్‌లో వద్దమ్మా. సిమ్‌లో పేరుకి ఉండే చోటే చిన్నది, తెలుగు అక్షరాలకి ఇంగ్లీషు అక్షరాల కన్నా ఎక్కువ చోటు పడుతుంది. ‘వెంకటేశ్వర్లు బాబాయి’ అని ఉంటే సగంలో తెగిపోతుంది. కాంటాక్ట్స్ తెరిచి ఆప్షన్లలో ‘ఎక్స్‌పోర్ట్’ అని ఉంటుంది, అందులో మెమరీ కార్డు ఎంచుకోండి. పేర్లన్నీ ఒక ఫైలుగా తయారవుతాయి. కొత్త ఫోన్‌లో మెమరీ కార్డు పెట్టే చోటు లేకపోతే బ్లూటూత్‌లో పంపండి. అక్కడ ఆ ఫైలు నొక్కితే ఏ ఖాతాలోకి వేయాలని అడుగుతుంది, అత్తగారి గూగుల్ ఖాతా ఎంచుకోండి. రేపు ఈ ఫోన్ పోయినా నంబర్లు ఉంటాయి. అన్నీ వచ్చాయో లేదో ఓ పది పేర్లు వెతికి చూసుకున్నాకే పాతదాన్ని రీసెట్ చేయండి. సిమ్ సైజు కూడా ముందే చూసుకోండి, పాతది పెద్ద సిమ్ అయితే నానో సిమ్ మార్పించుకోవాల్సి వస్తుంది.