చేతికి కరెంటు ప్యాడ్లు పెట్టుకుంటే ట్రమడాల్ మానేటప్పటి బాధ తగ్గుతుందా?

వాసంతి:
నడుం నొప్పికని మొదలుపెట్టిన ట్రమడాల్‌ని మా తమ్ముడు ఇప్పుడు నొప్పి లేకపోయినా మింగుతున్నాడు. ఒక పూట ఆలస్యమైతే చాలు, ఆవులింతలు, ముక్కు కారడం, కాళ్ళు పీకడం, ఊరికే చిరాకు. డాక్టర్‌గారు మెల్లగా తగ్గిద్దాం, అవసరమైతే మానేటప్పటి బాధ తగ్గించే బుప్రెనార్ఫిన్ అనే మందు ఇద్దాం అన్నారు. వీడేమో "మందు మానడానికి మళ్ళీ మందా?" అంటాడు. ఆక్యుపంక్చర్ పాయింట్ల మీద ప్యాడ్లు అంటించి కరెంటు పెట్టే మెషీన్ ఏదో చూశాడట. అది కొనిపెడితే ఇంట్లోనే మానేస్తానంటున్నాడు. నిజంగా పనిచేస్తుందా?

రాత్రి డ్యూటీ:
డీఅడిక్షన్ వార్డులో నర్సునండీ. ఆ మెషీన్ మా దగ్గర ఉంది, వాడతాం. సూదులుండవు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద ఒకటి, దానికి జతగా అరచేతిలో ఒకటి. ఇంకో చేతికి మణికట్టు పైన ముందూ వెనకా రెండు. అరగంట. పెంచుతూ పోతే వేళ్ళు వాటంతటవే టకటకా ఎగురుతాయి, చూసి నవ్వేవాళ్ళూ ఉన్నారు.

ఇది కట్టుకథేం కాదు. 1970ల మొదట్లో హాంకాంగ్‌లో వెన్ అనే న్యూరోసర్జన్, ఆపరేషన్‌లో నొప్పి తెలియకుండా ఆక్యుపంక్చర్ సూదులకు కరెంటు ఇస్తుంటే నల్లమందు అలవాటున్న రోగికి మానినప్పటి బాధ తగ్గడం గమనించారు. తర్వాత బీజింగ్‌లో హాన్ జిషెంగ్ బృందం కారణం వెతికింది. సెకనుకు 2 సార్లు కొట్టే కరెంటుకి ఎన్‌కెఫలిన్, ఎండార్ఫిన్ విడుదలవుతాయి, 100 సార్లు కొట్టేదానికి డైనార్ఫిన్. మన ఒంట్లోనే తయారయ్యే నల్లమందు లాంటి పదార్థాలివి, ట్రమడాల్ కూడా ఆ నల్లమందు తరహాలో పనిచేసే మందే. అందుకే మెషీన్ రెండిటినీ మార్చి మార్చి ఇస్తుంది.

నేను చూసినంతలో చలి, ఒళ్ళు నొప్పులు, గుండె దడ కాస్త నెమ్మదిస్తాయి. విరేచనాలకు పెద్దగా లాభం కనపడలేదు. నాకు బాగా పనికొచ్చేది ఒక సమయంలో. బుప్రెనార్ఫిన్ మొదటి మాత్ర, బాధ బాగా మొదలయ్యాకే ఇవ్వాలి. తొందరపడి ఇస్తే బాధ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ మాత్ర కోసం ఎదురుచూసే గంటల్లో ప్యాడ్లు పెడితే మనిషి మంచం మీద నిలుస్తాడు. మందుకి తోడుగా సరే, మందు బదులు మాత్రం నేను ఒప్పుకోను.

ఫిజియో బాబాయ్:
నొప్పులకు మేం వాడే టెన్స్ మెషీన్ కూడా ఈ జాతిదే. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి వద్దు. గర్భిణులకు ఆ బొటనవేలి పాయింటు వాడరు. తెగిన చర్మం మీద అంటించకూడదు. అమ్మేవాళ్ళు "వ్యసనం వారంలో మాయం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఒకప్పుడు నేనూ:
అక్కా, ప్యాడ్లు నాకూ పెట్టారు. పగలు ఫరవాలేదు. రాత్రి కాళ్ళు మంచానికి కొట్టుకునే ఆ నరకంలో మాత్రం మందే కాపాడింది. తమ్ముడికి ఒకటి గట్టిగా చెప్పు. కొన్నాళ్ళు మానేశాక ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి పోతుంది. మనసు లాగి మళ్ళీ పాత డోసే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఒంటరిగా ఇంట్లో మానేవాళ్ళ విషయంలో నాకు భయం అక్కడే.

వాసంతి:
అందరికీ థాంక్స్. ఒక సంగతి. చిన్నప్పుడు వాడికి ఫిట్స్ వచ్చేవి. డాక్టర్‌గారికి చెప్పలేదు, ఎప్పటి మాటో కదా అని.

రాత్రి డ్యూటీ:
వాసంతి గారూ, మెషీన్ సంగతి పక్కన పెట్టండి. ఫిట్స్ ఉన్నవాళ్ళకి ఈ కరెంటు డాక్టర్ చూడకుండా పెట్టకూడదు. పైగా ట్రమడాల్‌కే ఫిట్స్ తెప్పించే గుణం ఉంది, డోసు పెరిగేకొద్దీ ఎక్కువ. ఉన్నట్టుండి ఆపెయ్యనివ్వకండి, ఎక్కువా వేసుకోనివ్వకండి. ఇవాళే ఫోన్ చేసి, రోజుకి నిజంగా ఎన్ని మాత్రలు మింగుతున్నాడో కూడా చెప్పండి. వాడు చెప్పిన లెక్క వద్దు, ఖాళీ స్ట్రిప్పులు మీరే లెక్కపెట్టండి.