లడ్లోలో టీమ్ నది వెంట నడక: మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఏ వైపు నుంచి మొదలుపెడితే మేలు?

ప్రశ్న:
ఇంగ్లండ్‌లోని శ్రాప్‌షైర్‌లో లడ్లోకి అమ్మానాన్నల్ని రైల్లో తీసుకెళ్తున్నాను. ఇద్దరికీ అరవై దాటాయి. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, దిగడమే కష్టం. కోట, నది, పాత ఊరు అన్నీ ఒకే నడకలో వస్తాయా? ఎంత దూరం? ఏ రోజు వెళ్తే మంచిది?

జవాబు 1:
వస్తాయండి. చుట్టూ కలిపి దాదాపు 2 కిలోమీటర్లే. ఆగుతూ నడిచినా గంటంబావు చాలు. ఎక్కువమంది కోట ముందున్న కాజిల్ స్క్వేర్‌లో బయల్దేరి, కోటగోడ పక్కన డిన్‌హామ్ వీధి దిగి, 1823 నాటి డిన్‌హామ్ వంతెన దాటి ఎడమకి తిరుగుతారు. అక్కణ్ణుంచి లడ్‌ఫర్డ్ వంతెన దాకా నది ఒడ్డున చెట్ల కింద సాగే బాట పేరు బ్రెడ్ వాక్. ఈ బాట వేసినవాళ్ళు కూలి డబ్బుని తాగుడికి తగలేస్తారని రొట్టెలుగా ఇచ్చారట, పేరు అలా వచ్చిందంటారు. సంత సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో ఉంటుంది.

జవాబు 2:
మీ నాన్నగారికి మాత్రం దీన్ని తిరగేయండి. డిన్‌హామ్ దిగుడు పొట్టిది, కానీ వాలు ఎక్కువ. బ్రాడ్ స్ట్రీట్ పొడుగ్గా, నిదానంగా దిగుతుంది. మోకాళ్ళ మీద భారం దిగేటప్పుడే పడుతుంది కాబట్టి నిదానమైన వాలు దిగి, నిటారు వాలు ఎక్కడం మేలు.

స్టేషన్ నుంచి పది నిమిషాల్లో ఊరి నడిమధ్య ఉన్న పాత మార్కెట్ భవనం బటర్‌క్రాస్ చేరతారు. అక్కణ్ణుంచి బ్రాడ్ స్ట్రీట్ దిగితే బ్రాడ్ గేట్ వస్తుంది. ఊరి చుట్టూ కట్టిన పాత గోడ ద్వారాల్లో మిగిలింది ఇదొక్కటే, దాని నెత్తిన ఇల్లు కట్టేశారు. దాని కిందుగా వెళ్ళి లడ్‌ఫర్డ్ వంతెన దాటండి. ఈ వంతెన బాగా ఇరుకు, వాహనాలు ఆనుకునే పోతాయి. స్తంభాల మీద మూడు మూలల గూళ్ళలాంటి చోట్లు కట్టారు, బండి వస్తే వాటిలోకి తప్పుకోండి. దాటాక కుడికి తిరిగితే బ్రెడ్ వాక్, నది మీ కుడిచేతి వైపు. దాని చివర డిన్‌హామ్ వంతెన దాటి కోట దాకా ఎక్కండి.

ఇలా వస్తే ఇంకో లాభం: కోట మీకు ఎదురుగా వస్తుంది. బ్రెడ్ వాక్ ఉన్న విట్‌క్లిఫ్ ఒడ్డు కోటకి నైరుతిలో ఉంది కాబట్టి పొద్దున ఎండ కోట వెనకనుంచి కొట్టి గోడలు నల్లగా కనబడతాయి. మధ్యాహ్నం తరవాత వెలుగు నేరుగా రాతి మీద పడుతుంది. ఫోటోలు తీయాలంటే అదే వేళ.

జవాబు 3:
అసలు చిక్కు బ్రెడ్ వాక్ నేలే. ఆ ఒడ్డు ఈశాన్యానికి తిరిగి, చెట్ల నీడలో ఉంటుంది. వాన వెలిసిన మర్నాడు కూడా ఆరదు. రాలిన ఆకుల కింద రాయి జారుతుంది. అక్కడక్కడ మెట్లు, చెట్ల వేళ్ళు. అడుగు పట్టు ఉన్న బూట్లు, ఒక చేతికర్ర తప్పనిసరి. పిల్లల బండి తోసుకెళ్ళడం కుదరదు. టీమ్ వానకి త్వరగా పొంగుతుంది, బయల్దేరేముందు ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ నీటిమట్టం పేజీ చూసుకోండి.

నేల తడిగా ఉంటే బ్రెడ్ వాక్ మానేసి, కోట దగ్గర్నుంచి డిన్‌హామ్ వంతెన దాకా మాత్రం నెమ్మదిగా దిగి రండి. వంతెన పక్కనున్న మిలీనియం గ్రీన్‌లో కూర్చుంటే నీళ్ళు చిన్న ఆనకట్ట మీంచి దూకడం కనిపిస్తుంది. ఒకప్పుడు మరల కోసం కట్టిన ఆనకట్ట ఇది.

లడ్‌ఫర్డ్ వంతెన మలుపులో రోడ్డు పక్క రాతి పొరల్ని కూడా చూడండి. దాదాపు 42 కోట్ల ఏళ్ళ నాటి చేపల అవశేషాలున్న పలచటి పొర అది. రక్షిత స్థలం, సుత్తి వాడకూడదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగపడింది. బుధవారం వెళ్తాం, ముందు సంత, తరవాత బ్రాడ్ స్ట్రీట్ వైపు నుంచే. సెయింట్ లారెన్స్ చర్చి దారిలోనేనా?

జవాబు 2:
బటర్‌క్రాస్ వెనకే. నడక మొదలుపెట్టకముందే చూసేయండి, డిన్‌హామ్ ఎక్కి వచ్చాక మళ్ళీ అటు నడవడానికి నాన్నగారికి ఓపిక ఉండకపోవచ్చు. కోటలో 1502లో చనిపోయిన రాకుమారుడు ఆర్థర్ గుండెను ఈ చర్చిలోనే పాతిపెట్టారంటారు. ఆయన బతికుంటే తమ్ముడు ఎనిమిదో హెన్రీ రాజయ్యేవాడు కాదు.