విల్సన్ చక్రం మోడల్: ఏ మెట్టుకు ఎన్ని డిగ్రీలు?

తిరుపతి_ఎమ్మెస్సీ:
ఎస్వీ యూనివర్సిటీలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేస్తున్నాను. సెమినార్‌కి క్యాన్సర్‌కు చేసే ప్రోటాన్ చికిత్సను అంశంగా ఎంచుకున్నా. రాబర్ట్ విల్సన్ 1946 వ్యాసంలో చెప్పిన తిరిగే చక్రాన్ని (మెట్లు మెట్లుగా మందం మారుతూ, ప్రోటాన్లు ఆగే లోతును మార్చేది) అక్రిలిక్‌తో మోడల్‌గా చేయాలి. 150 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల) ఎనర్జీ ఉన్న ప్రోటాన్లు నీళ్లలో 15.8 సెం.మీ. పోతాయి కదా, కణితి మందం 5 సెం.మీ.కి కాస్త తక్కువ అనుకుందాం. ఖాళీ భాగంతో కలిపి ఆరు మెట్లు, ఒక్కోదానికి 60 డిగ్రీలు ఇస్తే చాలా? మొదటి రోగికి చికిత్స చేసింది కూడా విల్సనేనా?

మెడికల్_ఫిజిసిస్ట్_చిత్తూరు:
సమానంగా ఇస్తే లోతుకు ఎంత డోసో చూపే గ్రాఫ్ చదునుగా రాదమ్మా, వాలిపోతుంది. లోతుకు పోయే ప్రతి ప్రోటానూ దారిలో పైపొరలకు కొంత డోసు ఇచ్చే పోతుంది. అన్ని మెట్లకూ ఒకే వాటా ఇస్తే కణితి ముందువైపు డోసు పేరుకుంటుంది, చివర తగ్గిపోతుంది. అందుకే అడుగున ఉన్న శిఖరానికే (ప్రోటాన్లు ఆగే చోట డోసు ఒక్కసారిగా పెరిగే బ్రాగ్ శిఖరం) పెద్ద వాటా. ఆరు మెట్లకు ఉజ్జాయింపు లెక్క ఇది: ఖాళీకి 167 డిగ్రీలు, ఒక పొర అక్రిలిక్ ఉన్న మెట్టుకు 74, రెండుకు 45, మూడుకు 34, నాలుగుకు 28, అయిదుకు 12.

కట్ చేయించేటప్పుడు పొరలుగా ఆలోచించండి. మొదటి పొర 193 డిగ్రీల ముక్క, దాని మీద 119, తర్వాత 74, 40, చివరిది 12. బోర్డులు చేసే లేజర్ కటింగ్ షాపుల్లో 8 మి.మీ. షీటు అడగండి. అక్రిలిక్ మందాన్ని 1.16తో గుణిస్తే నీటి మందం వస్తుంది, అంటే ఒక్కో పొర 9.3 మి.మీ. నీటికి సమానం, అయిదు కలిపి 46 మి.మీ. షీటు మీద రాసిన మందాన్ని నమ్మొద్దు, వెర్నియర్‌తో కొలిచి ఆ అంకెతోనే లెక్క వేయండి. క్లోరోఫామ్‌తో అతికించండి, కిటికీలు తెరిచి పెట్టుకుని.

మెట్టుకు 9 మి.మీ. అంటే ఈ ఎనర్జీలో కాస్త పెద్దదే. విడి శిఖరం అంతకంటే సన్నం కాబట్టి గ్రాఫ్‌లో అలలు కనిపిస్తాయి. ప్రదర్శనకైతే ఫరవాలేదు, ఎందుకొచ్చాయో చెప్పగలిగితే మార్కులు కూడా పడతాయి. 5 మి.మీ. షీటుతో మెట్లు పెంచితే చాలావరకు సర్దుకుంటుంది, కానీ డిగ్రీలన్నీ మళ్లీ లెక్కకట్టాలి.

బరువంతా ఒకే పక్కన పడితే మోటారు మీద చక్రం ఊగుతుంది. డిగ్రీలన్నీ సగం చేసి అదే వరసను ఎదురెదురుగా రెండుసార్లు పెట్టండి. అసలు చక్రాల్లోనూ ఇలా తిరిగి తిరిగి వచ్చే వరసలే ఉంటాయి.

బీమ్‌లైన్:
చరిత్ర సంగతి. విల్సన్ యాక్సిలరేటర్ల మనిషి, రోగులకు చికిత్స చేయలేదు. లాస్ అలమోస్ అణుబాంబు ప్రాజెక్టు తర్వాత హార్వర్డ్ సైక్లోట్రాన్ (ఒక రకం యాక్సిలరేటర్) డిజైన్ పనిలో ఉండగా ఆ వ్యాసం రాశారు. మొదటి రోగులు 1954లో అమెరికాలోని బర్కిలీలో. అక్కడి 340 ఎంఈవీ బీమ్ తలను దాటి అవతలికి పోయేది, పిట్యూటరీ గ్రంథి మీదికి అనేక కోణాల నుంచి కొట్టారు. అంటే బ్రాగ్ శిఖరాన్ని వాడనే లేదు! సెమినార్లలో వాడారని చెప్పే తప్పు ఎక్కువగా దొర్లుతుంది. శిఖరాన్ని వెడల్పు చేసి వాడటం 1957లో మొదలైన స్వీడన్ ఉప్సాలా వాళ్ల పనిలో కనిపిస్తుంది. 1990లో అమెరికాలోని లోమా లిండా ఆసుపత్రికి సింక్రోట్రాన్ (ఇంకో రకం యాక్సిలరేటర్) కట్టిచ్చింది అక్కడి ఫిజిక్స్ ల్యాబ్ ఫెర్మీల్యాబ్, దాని తొలి డైరెక్టర్ విల్సనే.

తిరుపతి_ఎమ్మెస్సీ:
చాలా థ్యాంక్స్ సార్. కొన్ని ఫొటోల్లో అక్రిలిక్ మీద సీసం రేకు కూడా ఉంది. అదెందుకు? చెన్నైకి పోతే అసలు చక్రం చూడొచ్చా?

మెడికల్_ఫిజిసిస్ట్_చిత్తూరు:
మందపాటి మెట్టు ప్రోటాన్లను ఎక్కువగా చెదరగొడుతుంది, పలుచనిది తక్కువ. దాంతో ఒక్కో లోతుకు బీమ్ వెడల్పు ఒక్కోలా అవుతుంది. సీసం ఎనర్జీని కొద్దిగానే తీసుకుని బాగా చెదరగొడుతుంది కాబట్టి పలుచని మెట్ల మీద సీసం పెట్టి అన్నిటినీ సమం చేస్తారు. అది తినేసిన లోతును అక్రిలిక్ లెక్కలో సరిచేసుకోవాలి.

చెన్నైలో 2019లో మొదలైన కేంద్రంలో చక్రం కోసం వెతకొద్దు, అది పెన్సిల్ బీమ్ స్కానింగ్. చక్రంతో వెడల్పు చేసిన శిఖరం ఫీల్డ్ (బీమ్ పడే ప్రాంతం) అంతటా ఒకే మందం. కణితి అంచుల్లో సన్నబడినా తగ్గదు, దాని ముందున్న మంచి కణజాలానికి పూర్తి డోసు పడుతుంది. స్కానింగ్‌లో అయస్కాంతాలు బీమ్‌ను చుక్క చుక్కగా నడిపిస్తాయి, ఎనర్జీ మార్చి కణితిలో ఒక్కో పొర నింపుతారు. స్విట్జర్లాండ్‌లోని పీఎస్‌ఐ (పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్) 1996 నుంచీ చుక్కల పద్ధతిలో చేస్తోంది. ఊపిరితిత్తుల్లా కదిలే చోట మాత్రం చుక్కలకు ఇబ్బంది. ఒక పొర నింపేలోగా కణితి జరిగితే కొన్నిచోట్ల డోసు రెట్టింపు పడుతుంది, కొన్నిచోట్ల అసలు పడదు.