మార్క్ ట్వేన్ మీద 20 నిమిషాల ప్రసంగం: జీవితం ఎంత, కథ చెప్పే పద్ధతి ఎంత?

అలిపిరి పాఠకుడు:
తిరుపతిలో డిగ్రీ పిల్లలకు అమెరికా రచయిత మార్క్ ట్వేన్ గురించి తెలుగులో 20 నిమిషాలు చెప్పాల. పుస్తకాల జాబితా చదివితే ఎవరూ వినరు. హాస్యకథ చెప్పే తీరు మీద ఆయనే ఒక వ్యాసం రాశాడు కదా, దాన్ని జీవితంతో ఎట్లా ముడిపెట్టాల? తెలిసినవాళ్లు చెప్పండన్నా.

చంద్రగిరి రోడ్డు:
జీవితానికి 6 నిమిషాలు చాలు తమ్ముడూ. 1835లో మిస్సోరిలో పుట్టుక, చిన్నప్పుడే ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని, 1859లో మిసిసిపీ నది మీద స్టీమరు పైలట్ లైసెన్సు. 1861లో అంతర్యుద్ధం వచ్చి ఆ బతుకు ఆగింది. నెవాడాలో పత్రికా రచన, 1863లో మార్క్ ట్వేన్ అనే కలం పేరు, 1865లో కప్ప పందెం కథతో దేశమంతా పేరు.

తర్వాత 1866 దగ్గర ఆగు. ఆ ఏడాది ఉపన్యాస వేదిక ఎక్కాడు. టిక్కెట్టు కొన్న జనం ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ జావగారిపోతారో ఏళ్ల తరబడి గమనించాడు. అక్షరాలు కూర్చే యంత్రం మీద డబ్బంతా పోసి, సొంత ప్రచురణ సంస్థ కూడా కూలిపోయి 1894లో దివాలా తీశాడు. అప్పులు తీర్చడానికి 1895లో ప్రపంచ యాత్రకు బయలుదేరి, 1896లో బొంబాయి, కలకత్తాల్లోనూ మాట్లాడాడు. నువ్వు చెప్పే వ్యాసం అచ్చయింది కూడా 1895లోనే. ముడి అక్కడుంది.

మదనపల్లె టీచరు:
మిగతా సమయం వ్యాసంలోని సిపాయి కథకే ఇవ్వండి. కాలు తెగిన సిపాయిని తోటివాడు భుజానేసుకుని పోతుంటే ఫిరంగి గుండు తగిలి తల ఎగిరిపోతుంది. మోసేవాడికి తెలీదు. అధికారి ఆపి, "కాలు కాదు, తల పోయిందిరా" అంటే, దించి చూసి, "వాడు నాతో కాలనే చెప్పినాడే!" అంటాడు. గబగబా చెబితే ఒకటిన్నర నిమిషం, చెప్పడం దండగ అంటాడు ట్వేన్. అమెరికా కవి జేమ్స్ విట్‌కూంబ్ రైలీ మాత్రం దీన్నే ముసలి రైతులా 10 నిమిషాలు చెప్పేవాడట. పిల్లలకు రెండు రకాలూ వరసగా వినిపించండి. వివరణ అక్కర్లేదు.

అలిపిరి పాఠకుడు:
10 నిమిషాలు సాగదీస్తే లేచిపోరా మేడం?

మదనపల్లె టీచరు:
సాగదీసేది మీరైతే లేచిపోతారు, ఆ రైతు అయితే కూర్చుంటారు. "వాని పేరు మునెయ్య... కాదు, మునిరత్నం... ఆ పేరు కథలో లేనే లేదులే" అని అనవసరమైనది ఎత్తుకోవడం, తప్పు దిద్దుకోవడం, వెనక్కి పోవడం. ఇట్లాంటివి మూడు నాలుగు చాలు. మన యాసలో ఇంకా బాగా కుదురుతుంది. చెప్పేవాడికి నవ్వు వచ్చే సంగతి ఇందులో ఉందని తెలిసినట్టే కనబడకూడదు. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే: ఆఖరి మాట గట్టిగా అని, ముఖాలు చూసి, మళ్లీ అదే మాట అంటారు. ట్వేన్‌కు ఇది అసలు గిట్టదు. ఆ మాటను ఏమరుపాటున జారినట్టు వదలండి.

చంద్రగిరి రోడ్డు:
విరామం మర్చిపోవద్దు. దానికి ఆయన ఇచ్చిన కథ బంగారు చెయ్యి. చనిపోయిన భార్య బంగారు చేతిని మొగుడే దొంగిలిస్తే, ఆమె దయ్యం దాన్ని వెతుకుతా వస్తుంది. "నా బంగారు చెయ్యి ఎవరి దగ్గరుంది?" అని నెమ్మదిగా అని, ఒక్క శ్రోత ముఖంలోకే చూస్తూ ఆగాల. హాలంతా నిశ్శబ్దమయ్యాక, ఆ మనిషి మీదికి దూకినట్టు "నీ దగ్గరే!" అనాల. తొందరపడితే దెబ్బ తగలదు. ఎక్కువసేపు ఆగితే ఏదో రాబోతోందని కనిపెట్టేస్తారు. ముందే సెకన్లు లెక్కపెట్టుకుని పోవద్దు, హాలును బట్టి మారుతుంది. చేతి మైకు అయితే ఆ ఒక్క మాటకు నోటికి దూరంగా పట్టుకో, లేకపోతే స్పీకరు గీపెట్టి కథ పోతుంది.