సీరమ్‌లో వేయగానే డీఎన్ఏ సెన్సర్ దానంతటదే వెలుగుతోంది, కారణం ఎలా తేల్చాలి?

అందరికీ నమస్కారం. అడినోసిన్‌ను (ఒంట్లో ఉండే ఒక చిన్న అణువు) వెలుగు ద్వారా కొలిచే ఫ్లోరసెంట్ సెన్సర్ మీద పనిచేస్తున్నాను. 1995లో హ్యూజెంగా, షోస్టాక్ ప్రచురించిన డీఎన్ఏ ఆప్టామర్‌నే, అంటే అడినోసిన్‌ను ఎంచి పట్టుకునే డీఎన్ఏ పోగునే, వాడుతున్నాను. దాని ఒక చివర ఫ్యామ్ అనే వెలిగే డై ఉంటుంది, ఆప్టామర్‌తో జతకట్టే పొట్టి డీఎన్ఏ పోగుకు ఆ వెలుగును ఆర్పే క్వెంచర్ ఉంటుంది. అడినోసిన్ వచ్చి ఆప్టామర్‌లో కూర్చుంటే పొట్టి పోగు ఊడిపోయి వెలుగు పెరగాలి.

బఫర్‌లో చక్కగా జరుగుతోంది. పలుచన చేసిన సీరమ్‌లో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) మాత్రం అడినోసిన్ కలపకపోయినా వెలుగు నెమ్మదిగా పెరుగుతూనే ఉంది. సీరమ్‌కు సొంత ఆకుపచ్చ వెలుగు కొంత ఉంటుందని తెలుసు, కానీ అదే అయితే మొదట్లోనే కనిపించి అలాగే నిలబడాలి కదా! ఇది గంటల తరబడి ఎక్కుతోంది. అందుకే సీరమ్‌లోని న్యూక్లియేజ్‌లు (డీఎన్ఏను కోసే ఎంజైములు) డీఎన్ఏను కోసేసి, డైని క్వెంచర్ నుంచి విడదీస్తున్నాయని నా అనుమానం.

లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ వేస్తే డీఎన్ఏజ్ అనే న్యూక్లియేజ్ ఆగుతుంది, నిజమే. కానీ మెగ్నీషియం కూడా పోతుంది, అది లేకపోతే ఈ ఆప్టామర్ సరిగ్గా పట్టుకోదు. అక్కడే ఇరుక్కుపోయాను.

అడినోసిన్‌ను పట్టుకోలేని మార్చిన సీక్వెన్స్‌ను కంట్రోల్‌గా పెట్టి, అందులోనూ వెలుగు పెరిగితే కోతే కారణమని నమ్మవచ్చా? లేక డీఎన్ఏను పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద ముక్కలు చూడాల్సిందేనా? ఇంకోటి, న్యూక్లియేజ్‌ల నుంచి కాపాడడానికి 3′ చివర (పోగు రెండు చివరల్లో ఒకటి) తిరగేసిన టీ బేస్ పెట్టడం, ఫాస్ఫరోథయోయేట్ బంధాలు (పోగు వెన్నెముకలో ఒక ఆక్సిజన్ బదులు గంధకం ఉన్నవి) వాడడం, ఈ రెండింటిలో అడినోసిన్ మీద పట్టు దెబ్బతినకుండా కాపాడేది ఏది? సీరమ్‌లో స్వయంగా కొలిచినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, చాలా సాయం చేసినవాళ్లవుతారు.