కాలనీ కమిటీ కాపలా కాస్తే చాలా, సంతకం కూడా పెట్టాలా?

పాత_లేఅవుట్:
హైదరాబాద్ శివారు కాలనీల సంఘాలవాళ్లు నలుగురు కలిస్తే వచ్చే పేచీ ఇది, ఇక్కడే తేల్చుకుందాం. స్థలాలు, కట్టడాలు, జోన్ మార్పుల మీద కన్నేసి ఉంచే కమిటీ ప్రతి కాలనీకీ ఉండాలన్నది అందరూ ఒప్పుకునే మాటే. ఆ కమిటీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేనిదే అనుమతి ఇవ్వకూడదని నిబంధన పెట్టాలా వద్దా అన్న దగ్గరే తేడా. పెట్టాలనే నేనంటాను.

టీజీ బీపాస్ (తెలంగాణ ఆన్‌లైన్ భవన అనుమతుల విధానం) వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు ప్లాటు, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే సొంత ధ్రువీకరణతో అప్పటికప్పుడే అనుమతి. అంతకు మించితే 21 రోజుల గడువు, ఆలోగా తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. ఇల్లు కట్టుకునేవాడికి ఇది వరమే. పక్కింటివాడికి మాత్రం సంగతి తెలిసేది జేసీబీ దిగిన రోజునే. పాత పంచాయతీ లేఅవుట్లలో అయితే మరీ ఘోరం. కాగితం మీద పార్కు ఉంటుంది కానీ పంచాయతీ పేరిట గిఫ్ట్ డీడ్ (ఉచితంగా అప్పగించే దస్తావేజు) రాయించి ఉండరు. ఇరవై ఏళ్ల తర్వాత పట్టాదారు వారసులు అదే జాగాను 48/ఎ, 48/బి అని ప్లాట్లు చేసి అమ్మేస్తారు. రిజిస్ట్రేషన్ అయిపోతుంది, కొన్నవాడు అనుమతికి అప్లై చేసుకుంటాడు. కాలనీని ఒక్క మాట అడిగి ఉంటే ఇది మొదట్లోనే ఆగేది.

గేటు_బయట:
ఎన్‌ఓసీ అనగానే నాకు గుర్తొచ్చేది టోల్ గేటు. బోరు వెయ్యాలంటే డెవలప్‌మెంట్ ఫండ్, ఇసుక లారీ లోపలికి రావాలంటే రోడ్డు డ్యామేజీ ఛార్జీ. చట్టంలో ఏ ఆధారమూ లేకుండానే ఈ వసూళ్లు నడుస్తున్నాయి, చేతికి చట్టం కూడా ఇస్తే ఇక చెప్పేదేముంది?

అసలు ఎవరి ఎన్‌ఓసీ తీసుకోవాలి? 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం అయిపోతుంది. ఒకే కాలనీలో ఫేజ్ వన్‌కి ఒకటి, ఫేజ్ టూకి ఒకటి, పడనివాళ్లు పెట్టుకున్నది ఇంకొకటి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి పంపే సంఘాలు ఎన్నున్నాయో మీకూ తెలుసు. అద్దెకుండేవాళ్లకి ఓటు ఎలాగూ ఉండదు. నలుగురు ఇంటి ఓనర్ల క్లబ్బుకి మున్సిపాలిటీ తలుపు తాళం ఇస్తారా?

ముప్పై_మీటర్ల_టేపు:
ఇద్దరూ సంతకం చుట్టూనే తిరుగుతున్నారు. కమిటీకి కావాల్సింది కొలవడం రావడం, అదీ సమయానికి కొలవడం. నాలుగో స్లాబ్ పడ్డాక ఇచ్చిన ఫిర్యాదుకి విలువ లేదు. అప్పటికి ఫ్లాట్లు అమ్ముడుపోయి, కొన్నవాళ్లు బ్యాంకు లోన్లతో సహా కోర్టు ముందుంటారు.

చూడాల్సిన ఘట్టాలు మూడే. మొదటిది మార్కింగ్, అంటే పునాదికి ముగ్గు పోసేటప్పుడు. ముందు రోడ్డు వెడల్పు మూడు చోట్ల కొలవాలి, ఈ కాంపౌండ్ గోడ నుంచి ఆ కాంపౌండ్ గోడ దాకా. ప్లాన్‌లో 30 అడుగులుండి నేల మీద 24 ఉంటే తగాదా అక్కడే మొదలైనట్టు, ఎందుకంటే ఎంత ఎత్తు కట్టొచ్చన్నది రోడ్డు వెడల్పుతో ముడిపడి ఉంటుంది. రోడ్డు విస్తరణకి వదలాల్సిన స్థలం పోగా మిగిలిన హద్దు నుంచి సెట్‌బ్యాక్ (హద్దుకీ కట్టడానికీ మధ్య వదలాల్సిన ఖాళీ) లెక్కపెట్టాలి. మేస్త్రీ పాత హద్దు రాయి నుంచి చూపిస్తాడు, అక్కడ మోసపోవద్దు.

రెండోది మొదటి స్లాబ్ సెంట్రింగ్, అంటే కాంక్రీటు పోయడానికి పలకలు బిగించేటప్పుడు. అసలు దొంగాట ఇక్కడే. కింద రెండు మీటర్లు నిక్కచ్చిగా వదిలి, పై అంతస్తు స్లాబ్‌ని రెండడుగులు బయటికి లాగుతారు. నేల మీద కొలిచినవాడికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. సెంట్రింగ్ పలక అంచు నుంచి తూకం గుండు వేలాడదీసి, అది నేలను తాకే చోటు నుంచి హద్దు దాకా టేపు పట్టండి. టేపు అంకె కనబడేలా ఫొటో, వెనకాల ఇంటి నంబరో కరెంటు స్తంభం నంబరో పడేలా ఇంకొకటి. తేదీతో రిజిస్టర్‌లో రాసి ఇద్దరు సంతకం పెట్టండి.

మూడోది పై స్లాబ్ అయ్యాక, ఓసీకి (కట్టడం పూర్తయ్యాక వాడుకోవచ్చని ఇచ్చే పత్రం) ముందు. స్టిల్ట్‌లో (కింద పార్కింగ్‌కి వదిలిన అంతస్తులో) ఇటుక గోడలు లేస్తున్నాయా, పైన పెంట్‌హౌస్ పేరుతో ఇంకో అంతస్తు వస్తోందా అన్నవి రెండూ ఈ దశలోనే బయటపడతాయి.

ఇంకొక మాట. 2012 ఏప్రిల్ 7 నాటి భవన నియమాల జీవో 168లో సెట్‌బ్యాక్ తేడా 10 శాతం లోపు ఉంటే జరిమానా కట్టించుకుని సరిపెట్టే వీలుంది, ముందు వైపుకి తప్ప. రెండు మీటర్లకి పది సెంటీమీటర్లు తగ్గిందని ఫిర్యాదు పెడితే మీ పరువే పోతుంది. అరవై తగ్గితే పెట్టండి.

శిఖం_పట్టా:
టేపు గారి మాటలకి చెరువుల సంగతి కూడా కలుపుతాను. సంఘాలవాళ్లు ఎక్కువగా తప్పులో కాలేసేది ఇక్కడే. ప్రతి చెరువుకీ 30 మీటర్ల బఫర్ (కట్టడం లేకుండా వదలాల్సిన జాగా) అనుకుంటారు. 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు పైబడిన చెరువుకే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు. అంతకన్నా చిన్న కుంటకి 9 మీటర్లే. నాలా 10 మీటర్ల కన్నా వెడల్పైతే 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. చిన్న కుంటకి 30 అని రాసి పంపితే అవతలి లాయరు ఆ ఒక్క తప్పు పట్టుకుని కాగితమంతా కొట్టిపారేస్తాడు.

రెండోది ‘నాలా’ అన్న మాటతో వచ్చే గందరగోళం. ఒకటి మురుగునీటి నాలా, ఇంకొకటి వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చే నాలా కన్వర్షన్. రెవెన్యూవాళ్లు ఇచ్చే ఈ కన్వర్షన్ కాగితం చూపించి ‘జోన్ మారింది’ అని నమ్మిస్తారు. మారదు. అది రెవెన్యూ రికార్డుకి సంబంధించింది. 2013 జనవరిలో వచ్చిన 2031 మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు కన్జర్వేషన్ (కట్టడాల నుంచి కాపాడే) జోన్‌లో ఉంటే, నాలా కాగితాలు పది తెచ్చినా అది కన్జర్వేషనే. జోన్ మారాలంటే సీఎల్‌యూ (భూ వినియోగ మార్పు), ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. శిఖం భూమికి (చెరువు నీళ్లు నిలిచే భూమికి) పట్టా ఉన్నా అంతే, నీళ్లు దిగినప్పుడు సాగు చేసుకోవచ్చు, గోడ లేపడానికి లేదు.

హడ్సన్_ఒడ్డు:
న్యూయార్క్‌లో ఇదే పనికి కమ్యూనిటీ బోర్డులున్నాయి. మొత్తం 59, ఒక్కోదానిలో 50 మంది దాకా, జీతం లేదు. సభ్యుడు కావడానికి ఇల్లు ఉండక్కర్లేదు, ఆ ప్రాంతంలో ఉంటున్నా, పని చేస్తున్నా చాలు. రెండేళ్ల పదవి, వరసగా నాలుగు సార్లకి మించకూడదు. జోన్ మార్పు దరఖాస్తు ముందు బోర్డుకే వస్తుంది, 60 రోజుల్లో విచారణ పెట్టి అభిప్రాయం రాయాలి. తర్వాత బరో (నగరంలోని ఒక పెద్ద విభాగం) ప్రెసిడెంట్‌కి 30 రోజులు, ప్లానింగ్ కమిషన్‌కి 60, సిటీ కౌన్సిల్‌కి 50.

రెండు సంగతులు గమనించండి. బోర్డు మాట సలహా మాత్రమే, ఆపే అధికారం లేదు. ఇక జోన్ నిబంధనలకి లోబడి కట్టే మామూలు భవనం ఈ దారికి అసలు రాదు, నేరుగా బిల్డింగ్స్ డిపార్ట్‌మెంట్‌కి పోతుంది. రూలు మార్చేటప్పుడు ఊరిని అడుగుతారు, రూలు ప్రకారం కట్టుకునేవాణ్ని వదిలేస్తారు. ఆ బోర్డుల మీద కూడా ‘మా వీధిలో వద్దు’ బాపతు అడ్డుపుల్లల ఆరోపణ గట్టిగానే ఉంది. ఆపే అధికారం లేకుండానే అంత రగడ!

పాత_లేఅవుట్:
హడ్సన్ గారూ, అక్కడ సలహాని కనీసం చదువుతారు. ఇక్కడ మూడు లక్షల జనాభా దాటిన ఊళ్లకి వార్డు కమిటీలు ఉండాలని 74వ సవరణలో 243ఎస్ అధికరణం 1992లోనే చెప్పింది. జీహెచ్‌ఎంసీ బయటి మున్సిపాలిటీలకి 2019 చట్టం వార్డుకి నాలుగు కమిటీలు పెట్టింది: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు, ఒక్కోదాంట్లో 15 మంది. అంటే వార్డుకి అరవై మంది. ఆ అరవై మందీ కూర్చుని ఒక సీఎల్‌యూ ఫైలు చూసింది ఎక్కడ? పళ్లు లేని కమిటీని ఎవరు లెక్కచేస్తారు?

గేటు_బయట:
పళ్లు ఇచ్చాక మొదట ఎవర్ని కరుస్తారో అదీ చెప్పండి. లేఅవుట్‌లో వదిలిన 10 శాతం ఖాళీ స్థలంలో సంఘం ఆఫీసు కట్టింది ఎవరు? పార్కు మూలన గుడి, దాని పక్కన ఫంక్షన్‌కి అద్దెకిచ్చే షెడ్డు ఎవరివి? మున్సిపాలిటీకి అప్పగించిన రోడ్డుకి అడ్డంగా గేటు పెట్టి రాత్రి పదింటికి తాళం వేసేది ఎవరు? బిల్డర్ ఆక్రమణకి టేపు పట్టే చెయ్యి సొంత షెడ్డు దగ్గరికొచ్చేసరికి వణుకుతుంది. ఈ ప్రశ్నకి జవాబు వచ్చాకే ఎన్‌ఓసీ మాట ఎత్తండి.

సెల్లార్_చూపు:
గేటు గారి దెబ్బ సరైన చోటే తగిలింది. పార్కులో షెడ్డున్న సంఘం కోర్టుకి పోతే అవతలివాళ్లు వేసే మొదటి కౌంటర్‌లోనే (జవాబులోనే) ఆ ఫొటో పడుతుంది.

అయితే ఎన్‌ఓసీ లేకపోతే సంఘం చేతులు కట్టేసినట్టే అనుకోవడం కూడా తప్పే. బెంగళూరు సదాశివనగర్‌లో పార్కుకి వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇస్తే కాలనీవాళ్లే కోర్టుకెళ్లారు. అడిగే హక్కు వాళ్లకుందని, ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. అదే కోర్టు 2024 డిసెంబర్ 17 తీర్పు ఇంకా పనికొస్తుంది: కట్టేంతకాలం ఆమోదించిన ప్లాన్ సైటులో కనబడేలా పెట్టాలి, అధికారులు మధ్యమధ్య తనిఖీ చేసి రికార్డు పెట్టాలి, ఓసీ లేనిదే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వకూడదు. ప్లాన్ బోర్డు లేదన్న ఒక్క పాయింటుతోనే ఫిర్యాదు మొదలుపెట్టొచ్చు.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్తాను. అదే ఏడాది నవంబర్ 13 తీర్పు ప్రకారం కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలి, రోడ్డు, ఫుట్‌పాత్, జలవనరు లాంటి చోట్ల ఆక్రమణలకి తప్ప. ఆ 15 రోజుల్లో బిల్డర్ సివిల్ కోర్టుకెళ్లి మున్సిపాలిటీ మీద ఇంజంక్షన్ (ఆపమనే ఉత్తర్వు) తెచ్చుకుంటాడు. ఆ దావాలో కాలనీ పార్టీ కాదు, మున్సిపాలిటీ తరఫు కౌంటర్ నెలల తరబడి పడదు, స్టే అలాగే సాగుతుంది. కాబట్టి మమ్మల్నీ పార్టీగా చేర్చమని ఇంప్లీడ్ పిటిషన్ వెయ్యండి. దావా సంఘం మీదే పడేలా ఉంటే ముందే కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దన్న అర్జీ) వేసుకోండి, 90 రోజులే పనిచేస్తుంది, తేదీ గుర్తుపెట్టుకుని మళ్లీ వెయ్యాలి.

ఆర్‌టీఐలో (సమాచార హక్కు దరఖాస్తులో) ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ అని అడక్కండి, జవాబు రాదు. ‘ఫలానా అనుమతి నంబరు ఫైలులోని నోట్‌షీట్, ఆమోదిత ప్లాన్, తనిఖీ నివేదికల నకళ్లు’ అని అడగండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. నకలు చేతికొచ్చాక టేపు గారి రిజిస్టర్ పక్కన పెట్టి చూస్తే సగం కేసు అందులోనే ఉంటుంది.

ముప్పై_మీటర్ల_టేపు:
హడ్సన్ గారు చెప్పిన తేడా నాకు నచ్చింది. ఇల్లు కట్టుకునేవాడికి ఎన్‌ఓసీ వద్దు, సీఎల్‌యూ దగ్గర మాత్రం కాలనీ మాట తప్పనిసరి చెయ్యాలి. ఇప్పుడు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో ముసాయిదా మార్పు ప్రచురించాక అభ్యంతరాలకి 15 రోజులే. ప్రకటన పేపర్లో చిన్న అక్షరాల్లో వస్తుంది, గ్రామం, సర్వే నంబరు, ఎకరాలు తప్ప కాలనీ పేరు ఉండదు. అందుకే కమిటీ ముందుగా చెయ్యాల్సింది కాలనీ చుట్టూ ఉన్న సర్వే నంబర్లన్నీ గ్రామ నక్షా (పటం) నుంచి ఒక కాగితం మీదికి ఎక్కించి, ప్రకటన వచ్చినప్పుడల్లా పోల్చి చూడడం. అభ్యంతరంలో ‘ప్రజలకు ఇబ్బంది’ అని రాస్తే చెత్తబుట్టకే. అక్కడికి వెళ్లే రోడ్డు ఎన్ని అడుగులు, వాననీరు ఏ నాలాలోకి పోతుంది, ఎఫ్‌టీఎల్ ఎంత దూరం అన్నవి రాయండి.

పాత_లేఅవుట్:
సీఎల్‌యూ దాకా అయితే నేనూ దిగొస్తాను. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది: గిఫ్ట్ డీడ్ లేని పార్కు సంగతేంటి? దానికి సీఎల్‌యూ రాదు, నేరుగా ప్లాటై వస్తుంది.

శిఖం_పట్టా:
పంచాయతీ లేదా డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ) రికార్డు నుంచి లేఅవుట్ సర్టిఫైడ్ కాపీ తీయించండి. ఆ సర్వే నంబరుకి మొదటి అమ్మకం నాటి నుంచి ఈసీ (రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీసి, పాత సేల్ డీడ్లలో ‘తూర్పు: పార్కు’ అని హద్దు రాసినవి నాలుగైదు పట్టుకోండి. పార్కు అని చూపించే అమ్మారన్నదానికి పట్టాదారు సంతకంతోనే సాక్ష్యం దొరికినట్టు. ఈ కట్టతో, ఆ జాగాని రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ నిషేధిత జాబితాలో (అమ్మకం రిజిస్టర్ చెయ్యకూడని భూముల జాబితాలో) పెట్టించమని మున్సిపల్ కమిషనర్‌కీ కలెక్టర్‌కీ అర్జీ ఇవ్వండి, హైడ్రాకి (చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు చూసే సంస్థకి) ఒక కాపీ. జాబితాలోకి ఎక్కిందో లేదో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. సర్వే నంబరు మొత్తం ఎక్కించమని మాత్రం అడక్కండి, మీ ఇళ్ల రిజిస్ట్రేషన్లు కూడా ఆగిపోతాయి. పార్కు గజాలు, నాలుగు హద్దులు విడిగా రాయాలి.

గేటు_బయట:
అర్జీ పట్టుకెళ్లే ముందు షెడ్డు తీసెయ్యండి.